ఎట్టి వేరు, ఒట్టి వేరు

ఈ మధ్య ఒక సాహిత్య సదస్సులో ఒక యువ పరిశోధకుడు తెలంగాణ కథల్లోని మాండలికం మీద పత్రం చదివాడు. శ్రమపడి రాసిన పత్రమే. అయితే అందులో ఒకచోట 'వెట్టి' అనే మాట 'వట్టి' నుంచి పుట్టిందన్నాడు. పని చేయించుకుని వట్టి చేతులతో పంపేవారు గనక అది వట్టిచాకిరి, జనం నోట నలిగి వెట్టిచాకిరి అయిందని ఆయన వాదం. సభలో చప్పట్లు పడ్డాయి. నేను లేచి రెండు మాటలు చెప్పబోతే అధ్యక్షులు గడియారం చూపించారు. ఆ రెండు మాటలే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగయ్యాయి.

ఇది ఉత్త వ్యుత్పత్తి తగాదా అయితే భాషాశాస్త్రం తెలిసినవాళ్ళకు వదిలేసి ఊరుకునేవాణ్ణి. ఏ మాట ఏ మాటనుంచి వచ్చిందో తెలియకపోయినంత మాత్రాన కథ చెడిపోదు. కాని వెట్టిని వట్టి నుంచి పుట్టించిన మనిషి, తనకు తెలియకుండానే, ఒక చరిత్రను ఒక వైపు నుంచి చూస్తున్నాడు. ఆ చూపు మన కథల్లోకి, వాటిమీద మనం రాసే విమర్శలోకి పాకింది. నాకున్న అభ్యంతరం అక్కడ.

మాది డిండి వాగు ఒడ్డు. నాయిన వైపు దేవరకొండ తాలూకా, అమ్మ వైపు కల్వకుర్తి తాలూకా. అంటే ఒక కాలు నల్లగొండలో, ఒక కాలు పాలమూరులో. ఈ రెండు చోట్లా మా వాళ్ళ నోట 'వెట్టి' లేదు, 'వట్టి' లేదు. ఉన్నవి 'ఎట్టి', 'ఒట్టి'. మాట మొదట్లో ఉన్న వకారం ఇ, ఎ ల ముందు రాలిపోతుంది: విను ఇను అవుతుంది, వెళ్ళు ఎల్లు అవుతుంది. 'వ' మాత్రం చాలాచోట్ల 'ఒ'గా గుండ్రబడుతుంది: వడ్లు ఒడ్లు, వద్దు ఒద్దు, వరి ఒరి. కాబట్టి పుస్తకంలో ఒక్క గుణింతం తేడాతో పక్కపక్కన కనిపించే ఈ రెండు మాటలూ ఊళ్ళో మొదటి అక్షరంలోనే విడిపోతాయి. చదువురాని మనిషి ఒక్కనాడూ వీటిని కలిపి మాట్లాడగా నేను వినలేదు. కలిపింది చదువుకున్నవాళ్ళం.

కలిపితే ఏమవుతుందో నాకే అనుభవమైంది. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికకు కథ పంపాను. అందులో ఒక వాక్యం: 'తొలకరికి ఊరంత నాగండ్లు కడితే మా తాత ఎట్టికి పోయిండు.' పత్రికలో ఎవరో పెద్దమనిషి 'ఎట్టి'ని అచ్చుతప్పు అనుకున్నాడు. 'ఎట్టి పరిస్థితుల్లోనూ' అనే ఎట్టి తప్ప ఆయనకు వేరే ఎట్టి తెలియదు. దిద్దాడు. అచ్చులో 'మా తాత వట్టిగా పోయాడు' అని వచ్చింది. క్రియ కూడా బాగుచేశాడు, పుణ్యాత్ముడు! పదును దాటిపోతుందని ఊరంతా దుక్కికి పరిగెత్తుతుంటే, తన చెలక వదిలి దొర చెలక దున్నడానికి పోవలసివచ్చిన మనిషి, అచ్చులో పనీపాటా లేక తిరిగే సోమరి అయ్యాడు. ఆ తాతకు వ్యవసాయం మీద శ్రద్ధ ఎందుకు లేదని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు కూడా. ఉత్తరం రాసినాయన తప్పేమీ లేదు. అచ్చయిన వాక్యానికి అర్థం అదే.

అసలు ఈ రెండు మాటలూ చుట్టాలు కావని తేల్చడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. కృష్ణ దాటి రాయచూరు వైపు పోతే చాలు. తెలుగులో 'వట్టు' అంటే ఇంకిపోవడం, ఎండిపోవడం. తమిళంలో అది 'వఱ్ఱు', కన్నడంలో 'బత్తు'. తమిళంలో శకటరేఫ జంటగా ఉన్నచోట తెలుగులో 'ట్ట' రావడం మామూలు: తమిళం 'చుఱ్ఱు' మన 'చుట్టు', 'పఱ్ఱు' మన 'పట్టు', 'పుఱ్ఱు' మన పాముల 'పుట్ట'. ఆ దారిలో వచ్చింది మన వట్టి. అచ్చమైన ద్రావిడ పదం. వెట్టి దారి వేరు. సంస్కృతం 'విష్టి' ప్రాకృతం మీదుగా తెలుగులో వెట్టి అయింది, కన్నడంలో 'బిట్టి', మరాఠీలో 'వేఠ్'. 'యష్టి' ప్రాకృతంలో 'లట్ఠి' అయి చివరికి 'లాఠీ'గా మన వీపులదాకా వచ్చింది కదా, వెట్టి వచ్చిందీ ఆ బాటనే. కన్నడంలో బత్తు, బిట్టి. తమిళంలో వఱ్ఱు, వెట్టి. ఆ రెండు భాషల్లో ఎవరూ వీటిని ఒక తల్లి పిల్లలనుకునే ప్రమాదం లేదు. తెలుగులో హల్లులు ఒకటై పోయాయి గనక మనకు ఆ భ్రమ కలిగింది.

ధ్వనిని నమ్ముకుంటే ఎంత మోసపోతామో చెప్పడానికి ఇంకో మాట. మనం 'వట్టివేరు' అనే సువాసన వేరును తమిళులు 'వెట్టివేర్' అంటారు. అక్కడి వెట్టికి మన వెట్టితోగాని వట్టితోగాని పని లేదు. అది తవ్వితీయడం అనే అర్థంలో ఉన్న వాళ్ళ క్రియ. మా పరిశోధక మిత్రుడి పద్ధతిలో పోతే వట్టివేళ్ళ తడికలు కూడా దొరల గడీల్లో వెట్టివాళ్ళు తడిపేవారు గనకే ఆ పేరు వచ్చిందని తేల్చవచ్చు.

విష్టి చాలా పాత మాట. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. క్రీ.శ. 150 ప్రాంతంలో రుద్రదాముడు గిర్నార్ దగ్గర సుదర్శన తటాకానికి గండి పూడ్పించి, ప్రజలను పన్నులతోనూ విష్టితోనూ పీడించకుండా ఆ పని చేయించానని శాసనంలో చెప్పుకున్నాడు. చేయించలేదని గొప్పగా చెప్పుకున్నాడంటే మిగతా రాజులు ఏం చేసేవారో ఊహించుకోవచ్చు. చోళుల శాసనాల్లో పన్నుల పేర్ల వరసలో వెట్టి పదేపదే కనబడుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. విష్టి పన్ను పక్కన కూర్చుంది. కూలి పక్కన కాదు. పన్ను ఇచ్చినవాడికి తిరిగి ఏమిచ్చారని ఎవరూ అడగరు. ఇవ్వకపోతే ఏం చేస్తారన్నదే పన్నులోని అసలు సంగతి.

తరవాత పారశీకం మాట్లాడే దర్బారులు వచ్చాయి. 'బేగార్' వచ్చింది, 'చాకిరి' వచ్చింది. మనం మామూలుగా వాడే 'వెట్టిచాకిరి' అనే సమాసంలో మొదటి సగం పాత రాజుల భాషది, రెండో సగం నవాబుల భాషది. రెండు ప్రభుత్వాలు మారినా మోసేవాడు మారలేదు కాబోలు, ఇద్దరి మాటలూ వాడి నెత్తిమీద ఒక మూటగా అతుక్కున్నాయి.

ఇంత నడక నడిచిన మాట పొరుగు భాషల్లో ఇప్పుడు ఏమయిందో చూడండి. కన్నడంలో ఇవాళ బిట్టి అంటే ఎక్కువమందికి తెలిసిన అర్థం 'పుణ్యానికి వచ్చినది'. బిట్టి భోజనం అంటే డబ్బివ్వకుండా తినేది. తమిళంలో వెట్టి అంటే వ్యర్థం, పనికిమాలినది. వెట్టిగా తిరుగుతున్నాడంటే ఊరికే తిరుగుతున్నాడని. అదే తమిళంలో శ్మశానం పని చేసే ఊరి మనిషికి 'వెట్టియాన్' అనే పేరు మిగిలింది. మన వైపు ఆ పని చేసినవాడు 'బేగరి'. అంటే మనిషి పేరులో నిర్బంధం మిగిలింది గాని, మాట అర్థంలోంచి జారిపోయింది. కన్నడ మాట తీసుకున్నవాడి వైపు నుంచి మిగిలింది: వాడికది పుణ్యానికి వచ్చింది. తమిళ మాట దూరం నుంచి చూసినవాడి వైపు నుంచి మిగిలింది: ఏ ఫలమూ దక్కని పని గనక వ్యర్థం. ఆ పనికి పోయినవాడి వైపు నుంచి అర్థం మిగిలింది తెలంగాణ పల్లెల్లోనే. ఆ మిగిలినదాన్ని కూడా 'వట్టి' చేసి పారేయడానికి మనం తొందరపడుతున్నాం.

'కూలి లేని పని' అని మన నిఘంటువులు సాధారణంగా చెప్పే అర్థం చాలదని నాకు మొదట చెప్పింది మా నాయినమ్మ. కాలేజీలో చదివే రోజుల్లో, ఎట్టికి పోతే ఏమన్నా ఇచ్చేవారా అని ఆమెను అడిగాను. "ఎప్పుడన్న ఇన్ని గటుక పోస్తుండిరి బిడ్డా. పోస్తే ఏంది? పిలిస్తే పోకుంటె ఏమైతుండెనో గది అడుగు" అన్నది. నేనప్పుడు అది అడగలేదు. గటుక పోసేవారన్న మాట రాసుకుని, వెట్టికి కూడా కొంత ప్రతిఫలం ఉండేదని తేల్చుకుని సంతోషపడ్డాను. నా ప్రశ్న తప్పని, ఆమె నా ప్రశ్ననే దిద్దిందని తెలియడానికి పదేళ్ళు పట్టింది.

పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో వెట్టి స్వరూపం వివరంగా రాశారు. దళితుల ఇళ్ళనుంచి మనుషులు పోవడం ఒక్కటే కాదది. మాదిగలు చెప్పులు, మోటలకు తోలు సామాను ఇవ్వాలి. గీత కార్మికులు కల్లు పోయాలి. సాలెలు బట్ట, కుమ్మరులు కుండలు, గొల్లలు గొర్రెలు, కమ్మరి వడ్రంగులు వ్యవసాయం పనిముట్లు. చాకలి, మంగలి సరేసరి. చివరికి కోమటి కూడా దుకాణంలోని సరుకు అడిగినప్పుడల్లా పంపాలి. తహసీల్దారో గిర్దావరో ఊరికి దిగితే ఈ మొత్తం యంత్రం ఒక్కసారిగా కదలాలి. కోమటి పంపిన బెల్లం 'వట్టి చాకిరి' ఎట్లా అవుతుంది? అందులో చాకిరే లేదు. అయినా అది ఎట్టిలోదే. ఎందుకంటే అడిగేవాడికి అడిగే హక్కు ఉంది, ఇచ్చేవాడికి లేదనే హక్కు లేదు. అటు కోస్తా జిల్లాల్లో బ్రిటిషు పాలనలో గ్రామ నౌకర్లలో 'వెట్టి' అనే ఉద్యోగమే ఉండేది, కొద్దిపాటి జీతంతో. జీతం ఇచ్చినా పేరు మారలేదు.

ఎట్టిని జీతంతో కలపడం ఇంకో పొరపాటు. మా వైపు 'జీతం ఉండుడు' అంటే అప్పు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా ఆసామి ఇంట్లో పనిచేయడం. హైదరాబాదు రాజ్యంలో దీన్నే 'భగేలా' అన్నారు, 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక రెగ్యులేషన్ కూడా వచ్చింది. జీతగాడు ఏ రోజున ఎంత తీసుకున్నాడో, అబద్ధమో నిజమో, ఒక కాగితం ఉండేది. ఎట్టికి పోయేవాడి మీద కాగితం లేదు. వాడు అప్పు పడలేదు, ఆ ఇంట్లో ఆ కులంలో పుట్టాడు, అంతే. 1976 నాటి కేంద్ర చట్టం, ఎమర్జెన్సీలో 1975 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సును చట్టం చేసినది, దేశంలోని నిర్బంధ శ్రమ ఒప్పందాల పేర్లన్నీ ఒక వరసలో పెట్టింది. అందులో భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. చట్టానికి అన్నీ రద్దు కావలసినవే గనక ఒక గంపలో వేసింది, అది న్యాయమే. కథకుడికి ఆ గంప పనికిరాదు. జీతగాడి కథలో అప్పు ఎప్పుడో ఒక పూట మొదలవుతుంది. ఎట్టోడి కథలో మొదలనేది ఉండదు. ఈ తేడా తెలియకుండా రాసిన కథలో శిల్పం ఎంత బాగున్నా కాళ్ళు నేలమీద ఉండవు.

వాళ్ళు ఎట్టిని ఎట్లా అర్థం చేసుకున్నారో, దానిమీద ఎట్లా తిరగబడ్డారో చూస్తే మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైంది. మరుసటి ఏడు సభ మా దేవరకొండలోనే జరిగింది. 1944లో భువనగిరి నాటికి రావి నారాయణరెడ్డిగారి నాయకత్వంలో సంఘం పల్లెల సొత్తయింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కూలిరేట్ల కోసం జరిగిన పోరాటాలు వేరే ఉన్నాయి. కాని ఎట్టికి కూలి కట్టివ్వమని సంఘం అడగలేదు. ఎట్టి బంద్ అన్నది. కూలి లేకపోవడమే ఎట్టి సారాంశమైతే, కూలి ఇస్తామనగానే ఆ తగాదా తీరిపోవాలి. పిలిస్తే పోము అన్న మాట దగ్గర గడీ గోడ కదిలింది.

ఈ సంగతి మన న్యాయస్థానం కూడా చాలా ఆలస్యంగా ఒప్పుకుంది. రాజ్యాంగం 23వ అధికరణంలో 'బేగార్' అనే మాట ఇంగ్లీషు పాఠంలో సైతం మన దేశపు మాటగానే ఉంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల మీద పనిచేసిన కార్మికుల విషయంలో పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, డబ్బు ఇచ్చారా లేదా అన్నది గీటురాయి కాదన్నది. ఇష్టం లేకుండా చేయించిన పని కూలి ఇచ్చినా బలవంతపు పనే, ఆకలి కూడా ఒక బలవంతమే, కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ బలవంతానికి లొంగినవాడే అని చెప్పింది. మా నాయినమ్మ చెప్పింది కూడా ఇదే. ఆమె ఒక్క ముక్కలో చెప్పింది, వాళ్ళకు చాలా పేజీలు పట్టింది.

ఎట్టి గురించే చెబుతూ ఒట్టికి అన్యాయం చేస్తున్నాను. నిజానికి ఈ మెట్ట సీమలో ఎక్కువ బతికున్న మాట అదే. కోస్తా రచయితకు 'వట్టి' అంటే 'కేవలం', 'ఖాళీ'. వట్టి మాటలు, వట్టి చేతులు. మాకూ ఆ అర్థం ఉంది, కాని ఆ పనికి మా వాళ్ళు ఎక్కువగా 'ఉత్త', 'ఉట్టిగ' అంటారు. ఒట్టికి దాని పాత అర్థం, ఎండిపోవడం, ఇంకా తడి ఆరకుండా ఉంది. ఒట్టి చాపలు అంటే ఎండు చేపలు. పాలు మానేసింది ఒట్టిపోయిన బర్రె. మాంసం కోసి ఉప్పూ పసుపూ పట్టించి తాడు మీద ఆరేసి దాచుకునేవి ఒట్టి తునకలు. ఒక పాఠ్యగ్రంథం అధస్సూచికలో 'ఒట్టి తునకలు: కేవలం ముక్కలు' అని అర్థం ఇచ్చి ఉండగా చూశాను. ఆ అర్థం రాసిన మనిషిని ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలవాలనిపించింది. యాట కోసిన పండుగ వెళ్ళిపోయిన నెల తరవాత, కూరకు ఏమీ లేనినాడు, ఉట్టి మీది గురిగిలోంచి దించిన ఆ నాలుగు తునకలు 'కేవలం' ఎట్లా అవుతాయి? ఎండడం అక్కడ లేమి కాదు, దాచుకోవడం. ఈ మాటలో ఒక కులం, ఒక వంటిల్లు, కరువుకు ముందుచూపు అన్నీ ఉన్నాయి. దళిత రచయితలు తమ ఇళ్ళలోని తిండి గురించి రాయడం మొదలుపెట్టాకే ఈ మాట గౌరవంగా అచ్చులోకి వచ్చింది. అంతకుముందు మనలో ఎంతమందిమి, అభ్యుదయం చెప్పేవాళ్ళం, ఆ తాడు కింద నుంచి ముక్కు మూసుకుని నడిచామో ఎవరికి వాళ్ళం గుర్తు చేసుకోవచ్చు.

ఒక మాట సాక్ష్యం ఎంత బలమైందో పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం వారికి తెలుసు. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన రాజుల వంశావళులు పక్కకు నెట్టి, కావ్యాల్లో పండితులు అర్థం తెలియక దాటేసిన మాటలను పట్టుకుని జనం తిండీ బట్టా ఆటా పాటా బయటికి లాగారు. ఆ పద్ధతి మనం పూర్తిగా వాడుకోలేదు. నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతం నుంచి వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', 'గంగు' రాస్తే, వాటిని పోరాట పూర్వరంగానికి పత్రాలుగా చదివాం గాని, అందులో మనుషులు ఏ పనిని ఏ పేరుతో పిలుచుకున్నారని చదివింది తక్కువ. (ఇంటిపేరులో వట్టి ఉన్నవాడే వెట్టి గురించి రాశాడని మా పరిశోధక మిత్రుడికి గుర్తు రాకపోవడం మన అదృష్టం.) దాశరథి రంగాచార్య 1969లో 'చిల్లర దేవుళ్ళు'లో పాత్రల నోట తెలంగాణ మాట పెట్టినప్పుడు, ఆ మాట ఎంత 'సహజంగా' ఉందన్నదగ్గరే విమర్శకులు ఆగిపోయారు. మాండలికాన్ని మనం రంగుగా చూశాం. అది ఆస్తిపత్రం అని, అందులో ఎవరికి ఎవరు ఏమి బాకీయో రాసి ఉందని చూడలేదు.

ఇక పాలమూరు. ఈ రెండు మాటలూ నిజంగా ఎదురుపడింది అక్కడే. వ్యుత్పత్తిలో కాదు, బతుకులో. కృష్ణా తుంగభద్రలు రెండూ ఆ జిల్లాను ఒరుసుకుంటూ పోతాయి. చెలకలు మాత్రం ఆకాశం వైపు చూస్తాయి. చెరువు ఒట్టిపోతుంది, బర్రె ఒట్టిపోతుంది, ఊరు కదులుతుంది. గుంపుమేస్త్రి ముందే అడ్వాన్సు ఇస్తాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేస్తున్నా, ఎక్కడ కాలువ తవ్వుతున్నా 'పాలమూరు లేబర్' అనే పేరు దశాబ్దాలపాటు వినబడింది. వాళ్ళకు కూలి ఉంది. కాగితం మీద ఆ కూలి బాగానే ఉంది. అడ్వాన్సు పోను, బియ్యం పోను, బస్సు చార్జీలు పోను ఎంత మిగిలిందో మేస్త్రికే తెలుసు. రోగమొచ్చినా, ఇంటికాడ ఎవరన్నా పోయినా, లెక్క తేలకుండా కదలడానికి లేదు. 'కూలి లేని పని' అన్న అర్థం పట్టుకు కూర్చుంటే ఇది వెట్టి కాదు. పోనంటే ఏమవుతుందని అడిగితే వెట్టే. 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో సుప్రీంకోర్టు, కరువు సాయం పేరుతోనైనా కనీస వేతనం తగ్గించి పని చేయించడం 23వ అధికరణానికి విరుద్ధమన్నది. కరువు అంటే ఒట్టి, బలవంతం అంటే ఎట్టి. ఆ తీర్పులో రెండూ ఒక వాక్యంలో కూర్చున్నాయి.

వలస మీద వచ్చిన మన కథలు చాలా చదివాను. కొన్ని గుండె పట్టేసేవి ఉన్నాయి. కాని వాటి నిండా నెర్రెలిచ్చిన చెరువు, తాళం వేసిన ఇల్లు, గడపలో ముసలమ్మ. అంటే ఒట్టి. మేస్త్రి లెక్కల పుస్తకం, అందులోని వేలిముద్ర, పని కాడ రాత్రి కాపలా, ఇవి ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి పోతాయి. నదులు రెండు పక్కన పెట్టుకుని పొలం ఎండిందంటే అది కూడా దేవుడి పని కాదు గదా. ఆ మాట చెప్పకుండా కరువును ప్రకృతి ఖాతాలో రాసి కన్నీళ్ళు పెట్టే కథ, నా కథను దిద్దిన ఆ పెద్దమనిషి చేసిన పనే చేస్తున్నది. ఎట్టిని ఒట్టి చేస్తున్నది. పోనీ, ఆయన తెలియక చేశాడు.

సదస్సులో పత్రం చదివిన మిత్రుణ్ణి తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఊళ్ళు తిరిగి మాటలు పోగుచేసే ఓపిక ఇవాళ ఎంతమందికి ఉంది? ఆయన చేతిలో వందల మాటలున్నాయి, నా దగ్గర రెండే ఉన్నాయి. కాకపోతే ఇంకోసారి ఊరికి పోయినప్పుడు 'ఈ మాటకు అర్థమేమిటి' అని అడిగి ఊరుకోవద్దని, 'కాదంటే ఏమవుతుండె' అని కూడా అడగమని నా మనవి. ఎట్టికి పోయిన తరం దాదాపు వెళ్ళిపోయింది. ఎనభై దాటినవాళ్ళు, చిన్నప్పుడు తల్లి వెంట గడీ దాకా పోయి అవతలే ఆగిపోయినవాళ్ళు, కొద్దిమంది ఉన్నారు.

నా పాత కథలు ఇప్పుడు ఒక పుస్తకంగా వస్తున్నాయి. పోయిన వారం ప్రూఫులు వచ్చాయి. ఈసారి కంపోజు చేసినవాళ్ళు పత్రికలో అచ్చయినదాన్నే చూసి కొట్టారు గనక మా తాత మళ్ళీ వట్టిగా పోయాడు. కొట్టేసి, అంచున 'ఎట్టికి పోయిండు' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద 'అచ్చుతప్పు కాదు, ఇట్లాగే ఉంచాలి' అని పంపాను.